పట్టమాక

జావీద్ వాళ్ళ మోటారు వైండింగ్ షాపు మీది గదిలోనే కల్లం బ్యాండ్ పుట్టింది. పన్నెండేళ్ళుగా అక్కడే గొంతు సవరించుకుంటోంది. నరసరావుపేటలో కరెంటు పోతే కింద పని ఆగేది, పైన పాట ఆగేది. ఆ గురువారం మధ్యాహ్నం కరెంటు ఉంది గానీ పాట మాత్రం ఆగింది. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే హరిత ప్రూఫు కాగితాల కట్టతో మెట్లెక్కి వచ్చి, ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంది.

ఆదివారం సాయంత్రం టౌన్‌హాల్లో బ్యాండ్ పన్నెండేళ్ళ పండగ. వచ్చిన వాళ్ళకు పంచడానికి బ్యాండ్ చరిత్రను చిన్న పుస్తకంగా వేస్తున్నారు. రాసి పెట్టే పని హరిత తనంతట తానే నెత్తిన వేసుకుంది. ఆవిడకు ఒక జబ్బుంది. రాసిందల్లా నిజమై ఉండాలంటుంది. బ్యాండ్ వాళ్ళకు ఆ జబ్బు అంతగా లేదు గనక నాలుగు వారాలుగా ఆవిడ ప్రశ్నల ముందు అందరూ నీళ్ళు నములుతున్నారు.

ఆవిడ ఒక్కో పేజీ చదువుతుంటే గాయకుడు మస్తాన్‌రావు గిటారు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. మొదటి ఏట ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవం. జావీద్ బేస్ గిటారు, దేవానందం డప్పు, మైకు ముందు తను. రెండో ఏటి నుంచి తిరనాళ్ళు, పెళ్ళిళ్ళు. ఆ తర్వాత ఎన్నికలు. ఒకే బాణీకి పొద్దున ఒక పార్టీ పేరు, సాయంత్రం ఇంకో పార్టీ పేరు తగిలించి పాడిన సంగతి కూడా హరిత వదల్లేదు. అందరూ నవ్వారు. తర్వాత స్టూడియో, యూట్యూబు, జిల్లాలు దాటిన స్టేజీలు. ఏసీ గదిలో డప్పు చర్మం మెత్తబడిపోతుంటే దేవానందం మాటిమాటికీ బయటికి వెళ్ళి పాత పేపర్లు అంటించి డప్పు కాచుకునేవాడు. స్టూడియో వాళ్ళు పొగకు గొడవ చేశారు. దాంతో డప్పు పోయి కరెంటు ప్యాడ్ వచ్చింది, దేవానందం పోయి తేజ వచ్చాడు. ప్యాడ్‌లోంచి వచ్చే మోత మాత్రం దేవానందం చేతిదే. పంపించే ముందు అతని చేత దెబ్బ దెబ్బా విడివిడిగా వాయించి అందులో ఎక్కించుకున్నారు. ఆ వాక్యం దగ్గర ఎవరూ నవ్వలేదు.

"ఇంక అసలు పాట," అంది హరిత, పేజీ తిప్పి.

బ్యాండ్‌కు అన్నం పెట్టిన పాట అది. ఇవాళ పల్నాడులో పెళ్ళి ఊరేగింపు ఆ పాట లేకుండా కదలదు. హరిత పాడలేదు, పాఠం చదివినట్టు చదివింది.

తాలు ఏరే చెయ్యి, కారం చెయ్యి,
పట్టు మావా, పట్టు మావా నా చెయ్యి.
పట్టుకుంటే ఓ సామీ, నీ కళ్ళు నీయి కావు.

మిరప కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుకునే పిల్ల తన మావను చెయ్యి పట్టుకోమని పిలుస్తోంది. పట్టుకుంటే ఇక నీ చూపు నీ చెప్పుచేతల్లో ఉండదని ఊరిస్తోంది. పాట కింద అచ్చులో ఒక చిన్న వరస ఉంది. "జానపదం. సేకరణ: మస్తాన్‌రావు."

హరిత పెన్ను ఆ వరస మీద ఆగింది. సేకరించింది ఎవరి దగ్గర అని అడిగింది. మస్తాన్‌రావుకు ఈ ప్రశ్న కొత్త కాదు, జవాబూ కొత్త కాదు. ఎవరో ముసలామె, ఏదో ఊరి కల్లంలో పాడుతుంటే విన్నానని, అప్పట్లో కుర్రతనం కదా పేరు అడగాలని తోచలేదని ఏళ్ళ తరబడి ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతున్నదే మళ్ళీ చెప్పాడు. చెప్పి, ఆవిడ అడక్కుండానే అప్పటికి ఫోన్లు కూడా సరిగ్గా లేవని కలిపాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. జావీద్ ఆంప్లిఫయర్ వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. దానికి ఏ జబ్బూ లేదు.

"జానపదం అంటే జనం అందరిదీ, నిజమే," అంది హరిత. "కానీ ఆ జనంలో ఎవరో ఒకరు ముందు నోరు తెరిచి పాడి ఉండాలి కదండీ."

తను దేవానందానికి ఫోన్ చేశానని, ఆ సంగతి మస్తాన్‌రావునే అడగమని చెప్పి అతను పెట్టేశాడని కూడా చెప్పింది. శనివారం మధ్యాహ్నం దాకా ఆ పేజీ ఆపుతానని, ఆ తర్వాత ప్రెస్సువాడు ఆగడని లేచింది. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా పోయింది.

"సువార్తమ్మ గురజాలలోనే ఉంది. కొడుకు దేవా దగ్గర," అన్నాడు జావీద్.

"తెలుసు," అన్నాడు మస్తాన్‌రావు.

"నీకు తెలుసని నాకూ తెలుసులే."

శుక్రవారం పొద్దున్నే మస్తాన్‌రావు కారు తీశాడు. పిడుగురాళ్ళ దాటాక రోడ్డుకు రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి. అద్దాలు ఎత్తినా ఘాటు లోపలికి వచ్చి గొంతులో కూర్చుంది. దారి పొడుగునా తను అనబోయే మాటలు కూర్చుకున్నాడు. పెద్దమ్మా, నీ పేరు పుస్తకంలో వేస్తున్నాం, ఫోటో వేస్తున్నాం, స్టేజీ మీద శాలువా కప్పుతున్నాం. ఆ మాటలు అనుకుంటుంటే అతనికి తన మీద తనకే కాస్త గౌరవం కూడా కలిగింది. ఆ గౌరవం గురజాల ఆటోస్టాండు దాకా ఉంది.

దేవానందం ఆటో వెనక సీటు తుడుస్తున్నాడు. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నవాళ్ళు. ఇప్పుడు అతను గుడ్డ మడిచి పెట్టి, ఏం మస్తాన్‌రావుగారూ ఇట్టొచ్చారు అన్నాడు. ఆ 'గారు' ఎగతాళిగా అంటే బాగుండేది. మామూలుగా అన్నాడు. వచ్చిన పని విన్నాడు. అమ్మ పనిలో ఉందని, కారు అక్కడికి పోదని, ఆటో ఎక్కమని చెప్పాడు.

ఊరి బయట పొలాల మధ్య పెద్ద కల్లం అది. టార్పాలిన్ పట్టాల మీద ఎకరం మేర కాయలు పరిచారు. పాతికమంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గొంతుక్కూర్చుని, వరసగా ముందుకు జరుగుతూ తాలు ఏరుతున్నారు. ఎర్రకాయ మీద చెయ్యి ఆగదు, తెల్లబడ్డ కాయ కనబడగానే వేళ్ళు దాన్ని లాగి పక్కన తట్టలో వేస్తాయి. కళ్ళు చూసేలోపే చేతులు ఏరేస్తున్నాయి. ముఠా మేస్త్రి జేబులో ఫోను మోగుతోంది. మోగుతున్నది కల్లం బ్యాండ్ పాటే.

మస్తాన్‌రావు గట్టు దగ్గరే నిలబడిపోయాడు. మేస్త్రి ఖాళీ తట్ట తీసుకుని వరస చివరనున్న పిల్ల దగ్గరికి వెళ్ళాడు. కొత్తగా పెళ్ళయినట్టుంది, మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. తట్ట అందుకోవడానికి ఆ పిల్ల చెయ్యి చాపింది. మేస్త్రి తట్టతో పాటు చెయ్యి కూడా పట్టుకున్నాడు. పట్టుకుని వదలకుండా, ఫోనుతో గొంతు కలిపి "పట్టు మావా, పట్టు మావా" అని పాడాడు. బస్తాలు కుట్టే మగవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల చెయ్యి లాక్కుంది, తల వంచుకుంది, ఏరుకోవడం మొదలుపెట్టింది. ఏం అనాలో ఆ పిల్లకు తెలియలేదు. ఆమె తరఫున పట్టుకోమని ఆ పాట ముందే అనేసింది.

మేస్త్రి తలెత్తి గట్టు మీద నిలబడిన మనిషిని పోల్చుకున్నాడు. పరిగెత్తుకు వచ్చాడు. అన్నా మీరేనా, మీ పాటే పాడుకుంటున్నాం చూడండి అంటూ ఫోన్ తీసి సెల్ఫీకి భుజం ఆనించాడు. నవ్వడానికి అలవాటైన మొహం గనక మస్తాన్‌రావు మొహం నవ్వింది. ఆ నవ్వు ఫోటోలో పడింది.

ఇంతమంది ఇటు తిరిగి చూస్తున్నా, వరస మధ్యలో ఒక మనిషి తల ఎత్తలేదు. సువార్తమ్మ. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ చేతుల్లో వేగం తగ్గలేదు. అతను దగ్గరికి వెళ్ళి చెప్పులు విడవబోయాడు.

"చెప్పులు ఇడవమాకండి బాబూ, కాళ్ళు మండుతాయి. ఆ బస్తా మీద కూర్చోండి," అంది, ఏరుతూనే.

బస్తా మీద కూర్చున్నాడు. దేవానందం కాస్త దూరంలో పొలం గట్టు మీద కూర్చుని అటువైపు తిరిగాడు. మస్తాన్‌రావు దారిలో కూర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పాడు. పుస్తకం, పేరు, ఫోటో, శాలువా. చెబుతుంటే ఒక్కో మాటా చప్పబడిపోయింది. సువార్తమ్మ అంతా విని, ఏ పాటకని అడిగింది.

"తాలు ఏరే చెయ్యి పాటకి, పెద్దమ్మా."

"అది నాది కాదుగా బాబూ. నా పాట వేరే."

అతనికి ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క మాటకు భయపడే ఈ ఊరి దారి పట్టలేదు. అయినా నోరు దాని అలవాటు మానలేదు. అప్పట్లో మీరంతా కలిసి పాడుతుంటే ఆ ఒక్క మాట తనకు సరిగ్గా వినపడలేదని, అందుకే పట్టుకోవద్దనే 'పట్టమాక' కాస్తా 'పట్టు మావా' అయిందని చెప్పాడు.

సువార్తమ్మ చేతులు ఆగాయి. అతను వచ్చాక అవి ఆగడం అదే మొదలు.

"వినపడకపోవటమేంది బాబూ. మీ పెదనాన్నగారి కల్లంలో మూడు రోజులు మా పక్కనే కూర్చుని రాసుకున్నారుగా. పట్టమాక అనే రాసుకున్నారు. నాకు చదువు రాదు, మావాడు ఆ కాయితం చదివి వినిపించాడు. చానా సంతోషపడ్డా ఆ రోజు."

మస్తాన్‌రావు ఎర్రటి కాయల వంక చూశాడు. అరవయ్యేళ్ళ మనిషి ముందు అబద్ధమాడి, ఆడిన నిమిషంలోనే దొరికిపోయాడు. అంత సిగ్గు అతను జీవితంలో ఎన్నడూ పడలేదు. చెమటతో తడిసిన వీపు మీద చొక్కా అతుక్కుంది. క్షమించమని అనాలనుకున్నాడు. అంటే ఆమె, పోనీలే బాబూ అంటుంది. అనిపించుకుని వెళ్ళడానికే వచ్చినట్టు ఉంటుందని నోరు మూసుకున్నాడు.

ఆమె తిట్టలేదు. మళ్ళీ ఏరుకుంటూ, సొంత గోడు చెప్పుకున్నట్టు కాక, పని నేర్పుతున్నట్టు చెప్పింది. అప్పటికి తనకు ఇరవై రెండేళ్ళు. అతని పెదనాన్న బసవయ్య తట్ట అందిస్తూ చెయ్యి పట్టాడు. ఒకసారి వదిలించుకుంది. రెండోసారి కారం చేతిని ఆయన కళ్ళకు పెట్టింది. ఆయన వారం రోజులు నల్లద్దాలు పెట్టుకుని తిరిగాడు. పని నుంచి మాన్పిస్తాడేమోనని ఆడవాళ్ళంతా అనుకున్నారు. ఆ భయంలోనే పదిమందీ కూర్చుని పాట కట్టారు. మొదటి వరస ఆమెది, మిగతావి తలా కాస్త. ఆయన మోటర్‌సైకిల్ పొలం గట్టు ఎక్కిన చప్పుడు వినబడితే చాలు, గొంతులు పెంచి పాడేవాళ్ళు. పట్టమాక పట్టమాక నా చెయ్యి, పట్టుకుంటే ఆసామీ నీ కళ్ళు నీయి కావు. ఆయన మళ్ళీ కల్లంలో అడుగు పెట్టలేదు.

"కొత్త పిల్ల పనిలోకొస్తే ముందు ఆ పాటే నేర్పేవాళ్ళం. మాకది కంచె బాబూ. పొలానికి ముళ్ళకంపేసినట్టు. మీరా కంప లాగేసి దోవ చేశారు. ఇందాక ఆడేం పాడాడో విన్నారుగా. ఇప్పుడా పిల్ల ఏమని పాడాల?"

అతను అటు చూశాడు. వరస చివరి పిల్ల అప్పటికే అందరికంటే నాలుగు మూరలు ముందుకు జరిగిపోయింది. మేస్త్రికి దూరంగా జరగడం కోసం తొందరగా ఏరుతోంది.

మస్తాన్‌రావు లేచాడు. ఆదివారం స్టేజీ మీద అసలు మాటే పాడతానన్నాడు. సువార్తమ్మ తట్టలో తాలు కాయలను అరచేత్తో సర్దింది.

"నా పేరు మాత్రం రాయమాక," అంది.

ఆ మాటలో 'అండి' లేదు, 'బాబూ' లేదు. ఆటోలో వెనక కూర్చుని వస్తున్నంత సేపూ అతను దాన్నే వింటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆమె అతనితో బెదురు లేకుండా అన్న మొదటి మాట అదే.

తిరుగుదారిలో అతనికి తను మర్చిపోయినట్టు నటించే సంగతి పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది. కోటప్పకొండ తిరనాళ్ళలో తమ ఊరి వాళ్ళు ఎత్తుగా కట్టిన దీపాల ప్రభ ముందు, కాలేజీ దాటి బ్యాండ్ మొదటిసారి జనంలో పాడిన రోజు. పాట ఎత్తుకున్నాడు, మొదటి వరస అయింది, రెండో వరస నోటిదాకా వచ్చింది. ఎదురుగా ముందు వరస కుర్చీలో పెదనాన్న బసవయ్య తెల్లచొక్కాలో కూర్చుని, మావాడు మావాడని పక్కవాళ్ళకు చూపిస్తున్నాడు. కల్లంలో ఆడవాళ్ళు ఎవరి మోటర్‌సైకిల్ చప్పుడుకు గొంతు పెంచేవాళ్ళో మస్తాన్‌రావు మూడు రోజులూ కళ్ళారా చూశాడు. 'మాక' అన్న మాట నాలుక చివర నిలబడింది. నిలబడి, 'మావా' అయి బయటికి వచ్చింది. 'ఆసామీ'ని 'ఓ సామీ' చేయడం తప్ప మిగతా పాటలో ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం రాలేదు. బెదిరింపంతా సరసమైపోయింది. జనం ఈలలు వేశారు. పెదనాన్న వంద రూపాయల నోటు చొక్కాకు గుచ్చాడు. పొరపాటున నాలుక మడత పడిందని ఆ క్షణంలోనే అనుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని వందల స్టేజీల మీద ఆ నాలుక అలాగే మడత పడిందో.

శనివారం పొద్దున హరిత ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. కల్లం పేరు, పెదనాన్న పేరు, ప్రభ ముందు మాట మార్చిన సంగతి, నిన్న ఆడిన అబద్ధం కూడా. హరిత ఓదార్చలేదు, మందలించలేదు. సువార్తమ్మ వద్దంటే పేరు వేయకూడదని చెప్పి, 'సేకరణ: మస్తాన్‌రావు' అన్నది అడ్డంగా కొట్టేసింది. దాని కింద "ఈ పాట మిరప కల్లాల్లో తాలు ఏరే ఆడవాళ్ళది. పట్టమాక అన్నదే అసలు మాట, దాన్ని బ్యాండ్ మార్చింది" అని రాసింది. మార్చింది అన్న మాట మీద పెన్ను ఆపి అతని వైపు చూసింది. ఉంచమన్నాడు.

"పుస్తకంలో ఒకటి, స్టేజీ మీద ఒకటీ అయితే బాగుండదు మస్తాన్‌రావుగారూ," అంది.

పాట మార్చి పాడాలన్న సంగతి మధ్యాహ్నం ప్రాక్టీసులో చెప్పాడు. తేజకు నచ్చలేదు. జనానికి అలవాటైన మాట తీసేస్తే మర్చిపోయాడనుకుంటారని అన్నాడు. జావీద్ మాత్రం బేస్ తీగలు బిగిస్తూ, రెండో వరస దగ్గర మిగతా వాయిద్యాలన్నీ ఆపేద్దాం, మాట స్పష్టంగా వినబడుద్ది అన్నాడు. తేజ కిందికి వెళ్ళాక ఇంకో మాట అన్నాడు.

"ఆ రోజు ప్రభ కాడ నీ పక్కనే ఉన్నా. నువ్వు మార్చటం విన్నా. నేనూ అడగలా, దేవా కూడా అడగలా. ఈలలు పడుతున్నాయిగా, ఎవరడుగుతారు?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుకున్నంత మాత్రాన మస్తాన్‌రావు పిడికిట్లో ఉన్నది తగ్గలేదు.

సాయంత్రం పెదనాన్న ఫోన్ చేశాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఈ మధ్య గొంతు వణుకుతోంది. ఊరి నుంచి రెండు ట్రాక్టర్ల మీద జనం వస్తున్నారని, తనకు ముందు వరసలో చోటుంచమని, ఊరంతా వచ్చేది ఆ పాట కోసమేనని చెప్పాడు. మస్తాన్‌రావు ఊఁ కొట్టాడు. రావద్దు పెదనాన్నా అనడానికి మూడుసార్లు నోరు తెరిచాడు. రమ్మనే పెట్టేశాడు.

ఆదివారం సాయంత్రం టౌన్‌హాల్ కిటకిటలాడింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. గుమ్మంలో పుస్తకం పంచారు. సగం మంది దాంతో విసురుకున్నారు. ముందు వరసలో బసవయ్య చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. ముఖ్య అతిథి అని ఆయనకు దండ వేశారు. ఆయన దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దేవానందం రాలేదు. వస్తాడని ఎవరూ అనుకోలేదు గానీ మస్తాన్‌రావు కళ్ళు మాత్రం గుమ్మం వైపు పోతూనే ఉన్నాయి.

ఆరు పాటలయ్యాయి. ఏడో పాటకు ప్యాడ్‌లో డప్పు మొదలవగానే హాలు లేచి నిలబడింది. మస్తాన్‌రావు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఈ పాటలో ఒక మాట ఇన్నేళ్ళూ తప్పు పాడామని, ఇవాళ అసలు మాట పాడుతున్నామని చెప్పాడు. తప్పు కాదు, తనే మార్చాడని చెప్పాలనుకున్నాడు. నోటికి 'తప్పు' అనే వచ్చింది. జనం ఈలల్లో అది కూడా ఎవరికీ వినపడలేదు.

మొదటి వరస అందరూ కలిసి పాడారు. అనుకున్నట్టే జావీద్ చెయ్యెత్తాడు, వాయిద్యాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మస్తాన్‌రావు గొంతు ఒక్కటే లేచింది.

"పట్టమాక, పట్టమాక నా చెయ్యి."

అతని గొంతు మీద ఎనిమిది వందల గొంతులు 'పట్టు మావా' అంటూ వచ్చి పడ్డాయి. అతని మాట అందులో మునిగిపోయింది. అతను పాట ఆపి మళ్ళీ అదే వరస అందుకున్నాడు. ఈసారి మైకును పెదాలకు ఆనించుకుని, ఒక్కో అక్షరం విడదీసి పాడాడు. ఈసారి హాలు విన్నది. ఒక్క క్షణం అందరూ మొహమొహాలు చూసుకున్నారు. బాల్కనీ నుంచి ఎవరో కుర్రాడు "మావా" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది.

మస్తాన్‌రావు పట్టమాక అన్నాడు. హాలు పట్టు మావా అంది. అతను మళ్ళీ అన్నాడు. హాలు ఇంకా గట్టిగా అంది. వాళ్ళకది కొత్త ఆటగా ఉంది. పిల్ల వద్దంటున్నట్టు, తాము పట్టుకోమంటున్నట్టు, బ్యాండ్ వాళ్ళు పండగ కోసం కట్టిన కొత్త సరసం అనుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. ఎడమ పక్క ఆడవాళ్ళు కూడా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. తేజ హుషారెక్కి ఆ రెండు మాటల మధ్య ప్యాడ్ మీద దెబ్బ వేశాడు. వద్దు అన్న కొద్దీ నవ్వు పెరిగింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు కూడా కాలుతున్నాయని మస్తాన్‌రావుకు తెలిసింది. వద్దు అంటుంటే ఎదుటివాడు నవ్వడం ఎలా ఉంటుందో ముప్పై అయిదేళ్ళకు మొదటిసారి తెలిసింది. సువార్తమ్మకు ఇరవై రెండేళ్ళకే తెలుసు.

తల దించుకోబోయి ముందు వరస చూశాడు. హాలు మొత్తంలో నోరు మూసుకుని ఉన్నది ఒక్క మనిషే. బసవయ్య పాడటం లేదు, నవ్వడం లేదు. దండ మీద రెండు చేతులూ పెట్టుకుని స్టేజీ వంక చూస్తున్నాడు. ఆ మాట వినిపించాల్సిన వాడికి వినిపించింది. చూపులు కలిశాయి. ముందుగా చూపు తిప్పుకున్నది పెదనాన్నే.

ఆయన దండ కుర్చీలో వదిలేసి, కర్ర ఊతంతో లేచాడు. నడవలోకి వచ్చి గుమ్మం వైపు నడవబోయాడు. ఆయన ఆడటానికి లేచాడనుకున్నారు ఊరి కుర్రాళ్ళు. తాతయ్యా అంటూ ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు. ఒకడు కర్ర లాక్కున్నాడు. ఇంకొకడు ఆయన మణికట్టు పట్టుకుని, "పట్టు మావా" అని పాడుతూ గుండ్రంగా తిప్పసాగాడు. బసవయ్య చెయ్యి లాక్కోబోయాడు. బలం చాలలేదు. ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో ఆ గోలలో పక్కనున్న వాళ్ళకు కూడా వినపడలేదు. స్టేజీ మీది మస్తాన్‌రావుకు మాత్రం వినాల్సిన పని లేకపోయింది. ఈ జిల్లాలో పుట్టినవాడెవడైనా అక్కడ అనేది ఆ ఒక్క మాటే.

తీరవలసిన బాకీ తీరిందన్న సంతోషం కలుగుతుందేమోనని అతను ఒక క్షణం చూశాడు. కలగలేదు. ముసలాయన అవస్థకూ సిగ్గేసింది, ముసలాయన వల్ల అప్పుడు సువార్తమ్మ పడిన అవస్థకూ సిగ్గేసింది, రెంటినీ సరసం పాట చేసింది తనేనని మరీ సిగ్గేసింది. వదలండిరా అని మైకులో గట్టిగా అన్నాడు. అదీ పాటలో భాగమే అనుకుని హాలు ఈల వేసింది.

జావీద్ తల వంచుకుని మూడో వరసకు బేస్ అందించాడు. మస్తాన్‌రావు మైకు దగ్గర నోరు తెరిచాడు. ఇక అతను ఏ మాట పాడినా వాళ్ళు వినేది ఒక్కటే.